కుట్టులోకి పోయే గుడ్డ

ఇల్లు చూడ్డానికని వెళ్లి మా ఆయన లిఫ్టు చూసొచ్చాడు.

నేను పాపను చంకనేసుకుని కుళాయిలు తిప్పి చూస్తున్నాను. చెమ్మ ఉందేమోనని గోడలకు అరచేయి ఆనించి చూస్తున్నాను. ఈయన మాత్రం ఎనిమిదిసార్లు లిఫ్టులో పైకీ కిందికీ తిరిగి, మేడ మీద మోటారు గది తలుపు కూడా తీయించి, చేతులకు గ్రీజు పూసుకుని వచ్చాడు. లిఫ్టులు బాగుచేయడం ఆయన ఉద్యోగం.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"పాతికేళ్ల మోటారే! అయినా ఆ చప్పుడు విన్నావా, ఎంత తీరుగా ఉందో! ఇప్పుడిలాంటివి రావడం లేదు."

"నేనడిగేది ఇంటి సంగతి."

"ఇల్లా? బాగానే ఉన్నట్టుంది."

అలా మూడో అంతస్తులో ఆ రెండు గదుల ఇల్లు కొనాలని నిశ్చయమైపోయింది.

అమ్ముతున్నావిడ రిటైరైన లెక్కల టీచరు. అది తెలిసిన దగ్గర్నుంచి ఆవిడంటే నాకు బెరుకు. నా చదువు తొమ్మిదో తరగతి మధ్యలో, లెక్కల పరీక్షకు ముందే ఆగిపోయింది. ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూస్తే ఇప్పటికీ బెంచీ ఎక్కమంటుందేమో అనిపించేది.

అయినా మా ఇంటి లెక్క నేనే వేశాను. ధరలోంచి బ్యాంకు ఇస్తానన్న అప్పు తీసేస్తే, మిగిలింది మేం చేతినుంచి పెట్టుకోవాలి. నేను కుట్టిన స్కూలు యూనిఫారాలూ, ఆయన ఓవర్‌టైమూ కలిపి ఆరేళ్లకు సరిగ్గా అంత కూడింది. కొలతల పుస్తకంలో ఎవరివో నడుమూ భుజాలూ రాసిన పేజీ వెనక ఆ అంకె వేసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. అందులోంచే అడ్వాన్సు ఇచ్చేశాం. గడువులోగా రిజిస్ట్రేషన్ కాకపోతే ఆ అడ్వాన్సు తిరిగి రాదని ఒప్పందంలో రాశారు.

అక్కణ్ణుంచి మొదలైంది, ఇల్లు కుదిర్చిన బ్రోకరు గారి పాట.

"అప్పు కాగితాలు చూసినందుకు బ్యాంకుకు ఫీజు కట్టాలి. అంతేనమ్మా, ఇంకేం లేదు." కట్టాం. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. "ఇంటికి విలువ కట్టే ఇంజనీరు ఫీజు. అంతేనమ్మా." ఆ ఇంజనీరు ఇంట్లో ఉన్నది పది నిమిషాలు, అందులో ఆరు నిమిషాలు ఫోనులో పెళ్లాంతో సంజాయిషీ. ఆ తర్వాత పాత దస్తావేజులు తిరగేసిన లాయరుకు. "ఇదొక్కటే. అంతేనమ్మా!" అప్పుడప్పుడే మాటలు వస్తున్న మా పాపకు అమ్మ, నాన్న తర్వాత వచ్చిన మూడో మాట "అంతేమ్మా".

మా ఆయన బైకు అమ్మేసి బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఇక మిగిలింది నా కుట్టుమిషను. వీధి చివర టైలరు పద్దెనిమిది వేలకు తీసుకుంటానని, రోజూ గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏం నిర్ణయించావక్కా?" అనేవాడు. అది పోతే ఒక్క బ్యాంకు వాయిదా కూడా ఆయన జీతంతో గట్టెక్కదు. ఇల్లుంటుంది, ఇంట్లో పొయ్యి వెలగదు.

ఒకరోజు గౌను కత్తిరిస్తుంటే నేను చేసిన తప్పేమిటో తట్టింది. ఒంటి కొలతకు సరిగ్గా కత్తిరిస్తే ఆ గౌను ఎవరికీ పట్టదు. కుట్టులోకి పోయే గుడ్డ, అంచు మడతలోకి పోయే గుడ్డ ముందే కలుపుకోవాలి. కొత్తగా కుట్టు నేర్చుకునే పిల్లలు మొదటి రోజు చేసే తప్పది. ఇన్నేళ్లు కత్తెర పట్టినదాన్ని, ఇంటిని మాత్రం ఒంటి కొలతకే కత్తిరించాను.

ఇంక బ్రోకరును కూర్చోబెట్టి, "ఒక్కొక్కటి కాదు, చివరి రోజుకు ఎంత కావాలో మొత్తం చెప్పండి," అన్నాను. చెప్పాడు. మా అత్తయ్య దగ్గర కొంత, ఆయన కంపెనీలో కొంత తీసుకుని అంతా సిద్ధం చేశాం.

గడువు రోజు రానే వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మా వంతు రెండు గంటలకు. పన్నెండింటికే లాయరు గారి గదిలో చేరాం. బల్లకు అటు టీచరు గారు, ఇటు మేము. గుమస్తా చివరి కాగితం మా ముందుకు తోశాడు. అడుగున మొత్తం చూసి, సంచిలో ఉన్నది మనసులో మళ్లీ లెక్కేసుకున్నాను. మేం తెచ్చినదానికన్నా పద్దెనిమిది వేలు ఎక్కువ.

"అంతేనమ్మా," అన్నాడు బ్రోకరు, గోడ గడియారం వంక చూస్తూ.

మా ఆయన నా చెవిలో, "టైలరుకు ఫోను చెయ్యనా?" అన్నాడు.

"ఆగండి. ఏది దేనికో అడుగుదాం."

"ఊరుకోవే, నవ్వుతారు. అందరికీ తెలిసినవే అయ్యుంటాయి."

"మీకు తెలుసా?"

ఆయన పాప మూతి తుడవసాగాడు.

నేను మొదటి వరుస మీద వేలు పెట్టాను. "ఈ స్టాంపు సుంకం దేనికండీ?"

గుమస్తా నా వంక వింతగా చూశాడు. నేను తలదించుకునేలోపే టీచరు గారు, "ఆ అమ్మాయి అడుగుతోందిగా, చెప్పవయ్యా. అడిగే పిల్లలంటే నాకిష్టం," అంది. చెప్పొద్దూ, నాకు తొమ్మిదో తరగతి పాసైనట్టనిపించింది.

గుమస్తా చెప్పాడు. స్టాంపు సుంకం ఇల్లు చేతులు మారినందుకు ప్రభుత్వానికి. రిజిస్ట్రేషన్ ఫీజు ఆ మార్పును పుస్తకంలో ఎక్కించినందుకు. ఇన్సూరెన్స్ ఇంటికి నిప్పంటుకుంటే బ్యాంకు మునగకుండా. ఆస్తి పన్ను టీచరు గారు ఏడాదికంతా ముందే కట్టేశారు కాబట్టి, మిగిలిన నెలలది మేమివ్వాలి. బ్రోకరు కమిషన్ దేనికో నేనడగలేదు, ఆయనే పైకప్పు వంక చూశాడు. ఒక్కటి దొంగ లెక్క అయినా బాగుండునని నా ఆశ. అన్నీ న్యాయంగానే ఉన్నాయి!

ఆఖరి వరుసకు వచ్చాను. "లిఫ్టు మోటారు మార్పిడి వాటా, పద్దెనిమిది వేలు. ఇది?"

"అపార్టుమెంటు సంఘం సెక్రటరీ ఉదయం పంపాడమ్మా. మోటారు మార్చారట, పోయినేడు. ఇంటికింతని వేశారు."

మా ఆయన పాపను నా ఒళ్లో పెట్టి లేచి నిలబడ్డాడు. "ఏ మోటారు?"

"లిఫ్టుది."

"మార్చారా? పోయినేడా?" తన తల్లిని ఎవరో మార్చేశారన్నట్టు అడిగాడు. "రెండు నెలల కిందట ఈ చేతుల్తో ముట్టుకున్నానండీ! పాతికేళ్ల మోటారది. రేకు మీద సంవత్సరం కొట్టి ఉంది. చూడండి, చూడండి!"

ఫోను తీసి అందరికీ చూపించాడు. అందులో మా పాప ఫోటోలు నాలుగున్నాయి, మోటారువి పదకొండు.

టీచరు గారు కళ్లద్దాలు సర్దుకుని, ఫోటో పెద్దది చేసి చూసి, సెక్రటరీకి ఫోను కలిపింది. గదిలో అందరికీ వినిపించేలా పెట్టింది.

"మోటారు ఎప్పుడు మార్చావురా?"

"అదీ... మారుద్దామని అనుకుంటున్నాం, టీచర్."

"నన్ను వాటా అడగలేదేం?"

"మీరెలాగూ వెళ్లిపోతున్నారుగా, టీచర్. కొత్తవాళ్లయితే అడక్కుండా కట్టేస్తారని..."

"నువ్వు ఎనిమిదిలోనూ ఇంతే. లెక్క చెయ్యకుండానే జవాబు రాసేవాడివి. పెట్టెయ్."

రిటైరై ఎన్నేళ్లయిందో గానీ, ఆవిడ సంచిలో ఇంకా ఎర్రకలం ఉంది. ఆ వరుసను అడ్డంగా కొట్టేసి, గుమస్తా చేత పక్కన సంతకం పెట్టించి, కొత్త మొత్తం ఆవిడే వేసింది. నేను కూడి చూశాను. సరిపోయింది. మా సంచిలో ఎంతుందో సరిగ్గా అంతే. బస్సు చార్జీ మాత్రం టీచరు గారి దగ్గర తీసుకున్నాం.

ఇల్లు మారిన రోజు, పాత మోటారు మీద బరువెందుకని సామానంతా మెట్ల మీదనే మోయించి, కుట్టుమిషను మాత్రం లిఫ్టులో పెట్టాం. నేనూ పాపా దాని పక్కన నిలబడ్డాం. రెండో అంతస్తు దాటగానే లిఫ్టు ఓసారి మూలిగి ఆగిపోయింది.

పైనుంచి మా ఆయన గొంతు, జాతరలో తప్పిపోయిన పిల్లాడు దొరికినంత సంబరంగా. "విన్నావా? పాత మోటారే! నే చెప్పలా?"

"చెప్పారు. ముందు మమ్మల్ని బయటికి తీయండి!"

"ఐదు నిమిషాలు. అంతే!"

"అంతేమ్మా!" అంది పాప.

ఆ మాట వినగానే నేను మిషను మీది స్టూలు దించి వేసుకుని కూర్చున్నాను. సంచిలోంచి సగం కుట్టిన యూనిఫారం తీసి, సూదిలోకి దారం ఎక్కించాను.