అందరినీ కలిపి చూపిస్తే

"ప్రోగ్రాంలో ఒక్కొక్క పేరూ విడిగా వేస్తే తెలుగులోనే వస్తుంది. అందరినీ కలిపి చూపించమంటే మాత్రం పేర్లుండవు, కోడ్ ముక్కలొస్తాయి. దానికో మార్పు రాశాను, చూస్తారా?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది హరిప్రియ.

"తెలుగు వచ్చింది కదా, ఇంక కెలక్కు. నేను చెక్ చేశాను," అన్నాడు శ్రీవత్స, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "డెమో సంగతి నాకొదిలేసి కూరలో ఉప్పు చూడు."

అతను చెక్ చేసిందేమిటో ఆమెకు తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరే నాలుగైదుసార్లు కొట్టి చూసుకున్నాడు. ఇంగ్లీషు ఎలాగూ చెడదు. తన పేరు సరిగ్గా కనిపిస్తే లోకమంతా సరిగ్గా ఉన్నట్టే అతనికి. ఇద్దరూ ఒకే క్లాసులో ఎంసీఏ చదివారు. అప్పట్లో ప్రోగ్రాములు ఆమె చేత రాయించుకునేవాడు, ఆమె దాన్ని ప్రేమ అనుకుంది. ఇప్పుడు గౌలిపుర ఇంట్లో, కుక్కర్ కూతల మధ్య రాస్తోంది, అతను దాన్ని కంపెనీ అంటున్నాడు. "ఇంట్లో కూర్చుని మీటలు నొక్కడానికి అంత అలసటేంటమ్మా?" అంటుంది అత్తగారు. "మా ఆవిడ టైపింగ్‌లో ఓ చెయ్యేస్తుంది," అంటాడు ఇతను, వచ్చినవాళ్లతో. మొదట్లో కోపం వచ్చేది. కోపానికి ఎదుటి మనిషి మీద కాస్త ఆశ ఉండాలి. ఆ ఆశ ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఇప్పుడు అతన్ని చూస్తే, పాలమీద తేలుతున్న ఈగను చూసినట్టుంటుంది, అంతే.

కూర సగం ఉడికేసరికి శ్రీవత్స ఫోన్. "అఫ్జల్‌గంజ్ రా. ఆటోలో రా. ఇప్పుడే."

జరీ పని చేసే ఆడవాళ్ల సంఘం ఆఫీసు అది. సభ్యులకు తెలుగులో, ఉర్దూలో పేర్లతో కార్డులు కావాలి. ఆమె వెళ్లేసరికి తెరనిండా పేర్లకు బదులు వరసలు వరసలుగా స్లాషులు, ఇంగ్లీషు యూ అక్షరాలు, అంకెలు. సంఘం పెద్ద ఖైసర్ బేగం కళ్లజోడు ఎత్తి చూస్తోంది.

"ఏంది భాయ్ ఇది? ఒక్కరొక్కర్ని చూపిస్తే మంచిగనే ఉండె. అందర్ని కలిపి చూపియ్యమంటే గిట్లయిందేంది? ఇవి మా ఆడోళ్ల పేర్లా, లాటరీ నంబర్లా?"

"చిన్న పొరపాటు మేడమ్," శ్రీవత్స నవ్వాడు. "మా ఆవిడ టైపింగ్‌లో తప్పు చేసింది. నేను చెప్తుంటే సరిచేస్తుంది."

హరిప్రియ కుర్చీలో కూర్చుంది. చేతులు మీటల మీద ఉంచింది.

"చెప్పండి," అంది.

అతను తెర వంక చూశాడు.

"చెప్పండి. ఏం కొట్టమంటారు?"

"అదే... పొద్దున నువ్వేదో అన్నావే..."

ఖైసర్ బేగం పకపకా నవ్వింది. "అయ్యో భాయ్! చెప్పేటోడివి నువ్వే, అడిగేటోడివి నువ్వేనా?"

హరిప్రియ మీటల మీంచి చేతులు తీసి, కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. "నా పేరు హరిప్రియ. ఈ ప్రోగ్రాం నేను రాసింది. ఒప్పందం నాతో చేసుకుంటే, మీవాళ్లందరి పేర్లూ ఇప్పుడే చూపిస్తాను."

"నీతోనే చేసుకుంట బేటీ. చూపియ్యి."

"ఇదేం పద్ధతి?" శ్రీవత్స గొంతు తగ్గించాడు. "ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"మీరు వెళ్లండి," అంది, తెర వైపు తిరుగుతూ. "కూర సగంలో దించి వచ్చాను. ఉప్పు వెయ్యలేదు."