దెబ్బకు ముందు చప్పుడు

గోడలకు చెవులుంటాయంటారు. నేలకు లేవు కాబట్టి అక్కే తెచ్చి పెట్టేది. విద్యుత్ కేంద్రం కట్టబోయే ఆ బీడులో పొద్దున్నే పొడవాటి కేబులు పరిపించి, దాని వెంట జియోఫోన్లను మేకుల్లా నేలలోకి గుచ్చించింది. పిడికిలంత ఉంటాయి గానీ చీమ చిటుక్కుమన్నా వింటాయవి. కేబులు ఒక చివర ఇనుప పలక పెట్టి సమ్మెటతో కొడితే, ఆ అదురు ఒక్కో జియోఫోన్‌ను ఎంతసేపట్లో చేరిందో రెండో చివర నిలిపిన వ్యానులోని తెర చెబుతుంది. మట్టిలో అదురు ఈసురోమంటూ పోతుంది, రాయిలో పరుగెడుతుంది. ఆ తేడాను బట్టి కింద రాయి ఎంత లోతులో ఉందో, టర్బైన్ల బరువు మోస్తుందో లేదో తేలుతుంది.

కేబులు పరిచేదీ సమ్మెట కొట్టేదీ ఆమె తమ్ముడు చిన్నోడొక్కడే. పేరుకే చిన్నోడు, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. అమ్మ పోయినప్పటినుంచి వాడికి తల్లీ తండ్రీ అక్కే. చేరిన ప్రతి కొలువూ మూన్నాళ్ల ముచ్చటే అవుతుంటే, కళ్లెదుట ఉంటాడు కదా అని ఈ పనిలో పెట్టుకుంది. వాడేమో కాలుగాలిన పిల్లి. "కదలకురా, నీ అడుగులు కూడా రికార్డవుతాయి" అని చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పెట్టేది.

ఆ రోజు ఫలితాలు బంగారంలా వచ్చాయి. రెండు నిలువుల లోతున పగుళ్లు లేని రాయి. ఏనుగుల మందను నిలబెట్టినా చెక్కుచెదరదు. ఫోనులో పెద్ద ఇంజనీరు మురిసిపోయాడు. అక్క మాత్రం మురవలేకపోయింది.

పరికరం దెబ్బకు ముందు రవ్వంత సేపును కూడా రికార్డు చేసి ఉంచుతుంది. అక్కడ గీత చదునుగా ఉండాలి, కొట్టకముందు చప్పుడెక్కడిది మరి. కానీ ప్రతి రికార్డులోనూ అసలు దెబ్బకు కాస్త ముందు ఇంకో దెబ్బ ఉంది. దెబ్బ పడిన క్షణాన్ని పరికరానికి చెప్పే స్విచ్, సమ్మెట పిడికి కట్టింది, పాడైందేమోనని మార్పించింది. అయినా పోలేదు. ఈసారి స్విచ్ కోసం చూడకుండా ఎడతెగక వినేలా పరికరాన్ని మార్చింది.

"చిన్నోడా, సమ్మెట ఎత్తు. కొట్టకు" అంది వాకీటాకీలో.

"కొట్టకుండా ఎత్తడమెందుకక్కా, ఫొటోకా?"

"చెప్పింది చెయ్యరా."

వాడు ఎత్తి పట్టుకున్నాడు. గాలి లేదు, ఆకు కదలడం లేదు. అయినా తెర మీద దెబ్బ కనిపించింది. పలకకు దగ్గరి జియోఫోన్ మొదట విన్నది, తర్వాత వరసగా మిగతావన్నీ. అది సరిగ్గా వాడి కాళ్ల కింద నుంచే వచ్చింది.

"సమ్మెట అక్కడ పడేసి బండి దగ్గరికి రా."

"ఏమైందక్కా?"

"టీ చల్లారిపోతోంది, రా."

వాడు కేబులు వెంబడే బయల్దేరాడు. తెర మీద వాడి ఒక్కో అడుగుకు రెండేసి చప్పుళ్లు. మొదటిది కింద, రెండోది వాడిది. సగం దూరం వచ్చాక, మరిచిపోయిన టోపీ కోసం వాడు వెనక్కి తిరిగాడు. కిందిది అప్పటికే వెనక్కి తిరిగి ఉంది. వాడి మనసులో టోపీ మెదలకముందే దానికి తెలిసిపోయినట్టుంది.

"టోపీ లేకపోతే కొంపలేం మునగవు. రా."

పరుగెత్తమని అరవాలనిపించింది. వాడు పరుగెడితే అదీ పరుగెడుతుందేమోనని నోరు నొక్కుకుంది. అడుగడుగుకూ కింది చప్పుడు పెద్దదవుతోంది. పైకి వస్తోంది.

వాడు నవ్వుకుంటూ వ్యాను ఎక్కి, "టీ ఏదక్కా?" అన్నాడు. ఆమె తాళం తిప్పింది. కింది చప్పుడు వ్యాను కిందికి వచ్చి ఆగింది. వెనక చక్రం జానెడు లోతుకు దిగబడింది. ఇంజను ఎంత అరిచినా బండి కదల్లేదు.

"దిగి తోస్తానుండు."

"దిగావంటే చంపేస్తా" అని వాడి చొక్కా పట్టుకుని లాగి, తెర మీది గీతలు చూపించి ఉన్నదంతా చెప్పింది. వాడు కాళ్లు సీటు మీదికి లాక్కున్నాడు. చక్రం ఇంకాస్త దిగింది.

పొద్దుటినుంచి నేల మీద తిరిగింది వాడొక్కడే. ఆమె తెర ముందు నుంచి లేవనే లేదు. దానికి వాడే కావాలా, నేలను తాకే కాళ్లు ఎవరివైనా చాలా? తెలుసుకోవడానికి ఒక్కటే దారి. ఆమె తలుపు తీసి కిందికి దిగింది.

"తెర చూసి చెప్పు" అంటూ నాలుగడుగులు వేసింది.

"అక్కా, నీ కాళ్ల కిందికొచ్చింది."

హమ్మయ్య అనుకుంది. నిజంగానే అనుకుంది. కేబులు వెంట పలక వైపు నడిచింది. వెనక వాడు స్టీరింగు ముందుకు జరిగాడు. ఇంజను మూలిగి, చక్రం గుంటలోంచి పైకి లేచింది.

"తారురోడ్డు ఎక్కేదాకా ఆపకు. నేల మీద కాలు పెట్టావో, ఊరుకోను."

"మరి నువ్వెలా వస్తావక్కా?"

"వస్తాలేరా. నువ్వు పో ముందు."

వాడు ఏడుస్తూ గేరు వేశాడు. వ్యాను చప్పుడు దూరమయ్యేదాకా ఆమె ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఆమె అడుగు వేయబోయే చోట నేల కింద నుంచి అది ఒకసారి తట్టింది. ఆమె అక్కడే కాలు పెట్టింది.