తడి ఆరని ముక్కలు

నాలుగో ప్లాస్టిక్ సీసా కూడా పగిలింది. మేనేజరు దాన్ని నడుము ఎత్తు నుంచి వదిలాడంతే. అడుగు గాజులా చిట్లింది, నీళ్లు ఆయన బూట్లను తడిపి నా చెప్పుల్లోకి వచ్చాయి.

"సీసాల కంపెనీవాళ్లు లారీ మొత్తం వెనక్కి పంపారు. మన ప్లాస్టిక్ గింజలతో చేసిన సీసాలన్నీ ఇంతేనట. భోజనాల గంట కొట్టేలోగా తప్పెవరిదో నాకు కాగితం మీద కావాలి," అన్నాడు.

తప్పెవరిదో మా ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. షిఫ్ట్ ఇన్‌చార్జి కదా, ఆయనకు అన్నీ ముందే తెలుస్తాయి. గుమ్మం దగ్గర చేతులకు రబ్బరు తొడుగులతో నిలబడ్డ, మేమంతా అక్కా అని పిలిచే ఆవిడను చూపించాడు. పదకొండేళ్లుగా బెల్టు పక్కన నిలబడి పాత సీసాలు ఏరే మనిషి ఆవిడ.

"ఈవిడే సార్. వేరే రకం ప్లాస్టిక్, పీవీసీ సీసాలు ఏరకుండా వదిలేసింది. ఇవాళే పంపించేయండి."

"నేను వదల్లేదు బాబూ. మడిస్తే తెల్లగీత పడేది పీవీసీ. దాన్ని వేరే తొట్టిలోనే వేస్తాను. నా చేతుల్లో ఒక్కటీ తప్పిపోదు."

"చాల్లే, సొంత డబ్బా!" అని మా ఆయన నావైపు తిరిగాడు. "మా ఆవిడ ల్యాబ్ రిపోర్టు రాసిచ్చేస్తుంది సార్. ఆవిడ సంతకమంటే నా సంతకమేగా."

ఇద్దరూ నవ్వారు. సంతకం చేయాల్సిన నాకు ఎవరూ కుర్చీ కూడా చూపించలేదు.

ఈ ప్లాస్టిక్ సంగతి నాకు మా ఆయన సంగతి కంటే బాగా తెలుసు, దీని మీద గౌరవం కూడా ఎక్కువే. వాడి పారేసిన సీసాను ముక్కలు చేసి, కడిగి, కరిగించి, గింజలుగా మారిస్తే మళ్లీ సీసా అవుతుంది. దానికి పడనిదల్లా తడి. కడిగిన ముక్కల్ని వేడిగాలిలో ఆరు గంటలు ఆరబెట్టాకే కరిగించాలి. తడి మిగిలితే ఆ వేడిలో నీరు ప్లాస్టిక్ లోపలి పొడవాటి పోగుల్ని తెగ్గొడుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, దెబ్బ తగిలితే మాత్రం ఆగదు. పీవీసీ కలిస్తే అలా కాదు, అది మాడిపోతుంది. సరుకు పసుపెక్కుతుంది, నల్లమచ్చలు పడతాయి. నా కాళ్ల దగ్గర పడున్న సీసాలో ఒక్క మచ్చ లేదు. నా పరీక్షలో తేలిందీ అదే, పోగులు తెగిపోయాయి. కళ్లున్నవాళ్లు ఎవరైనా చెప్పగలరు. ఇన్‌చార్జిగారికి కళ్లతో పనేముంది, ఇంట్లో ఆయన సాక్సులు వెతికే కళ్లు కూడా నావే. మా అత్తగారి లెక్క ఇంకా సులువు. "నీ ఉద్యోగమంటే సీసాలు కడగడమేగా, ఆ కడిగేదేదో ఇంట్లో కడుగు," అంటుంది, తను తాగిన గ్లాసు నాకందిస్తూ.

ఆయన షిఫ్టు పుస్తకం రాసేది కూడా నేనే. ఆయన చీటీ మీద గిలికి తెస్తాడు. ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో నేను పుస్తకంలోకి ఎక్కిస్తాను. "నీ చేతిరాత ముత్యాలే," అంటాడు. తొమ్మిదేళ్ల కాపురంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే, అదీ పని పడినప్పుడే. తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకం చూసి మెచ్చుకుంటే వినయంగా తల వంచుకుంటాడు.

ఈ లారీ సరుకు చేసిన రోజు, పోయిన గురువారం, చీటీలో ఉన్నది, "పదింటికి ఆరబెట్టడానికి పోశాం, పన్నెండింటికి కరిగించాం."

"రెండు గంటలేగా అయింది?" అని అడిగాను.

"సరుకు త్వరగా పంపితే నాకు పేరొస్తుంది. ఆరు గంటలని రాయవే. పాఠాలు చెప్పకు, కూర మాడుతోంది చూడు."

కూర దించాను. ఆరు అని రాశాను.

ఇప్పుడు నా భుజం పక్కకు వచ్చి గొణిగాడు. "పుస్తకంలో ఉన్నది నీ రాత. నోరు జారావో, నీ ఉద్యోగం కూడా పోతుంది."

బెదిరించడానికైనా ఈ మనిషికి నా చేతిరాతే దిక్కు. భయపడదామనుకున్నాను, భయం రాలేదు. సంచి తెరిచి గురువారం చీటీ తీసి మేనేజరుకిచ్చాను. అది ఇన్నాళ్లూ నా సంచిలోనే ఎందుకుందో మేనేజరు కాగితం తిప్పగానే అందరికీ తెలిసింది. వెనకవైపు మా ఆయన నాకు రాసిన పనులు పైకే చదివాడు.

"నీలం చొక్కా ఇస్త్రీ. అమ్మ కాళ్లకు నూనె. సాక్సులు కనపడలేదు, వెతుకు."

గుమ్మం దగ్గర అక్క ఫక్కున నవ్వి, తొడుగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే, ఇంటి విషయాలు ఇక్కడెందుకు?" మా ఆయన గొంతు కీచుమంది.

మేనేజరు నవ్వలేదు. చీటీని మళ్లీ ముందువైపు తిప్పి, గంటలు చూసి, షిఫ్టు పుస్తకం దాని పక్కన పెట్టాడు. "ఇక్కడ రెండు గంటలు, అక్కడ ఆరు. ఎవరి పని ఇది?"

"పుస్తకంలో అబద్ధం రాసిన చెయ్యి నాది సార్, దానికి నన్నేం చేస్తారో చేయండి. అక్క తప్పు ఆవగింజంత కూడా లేదు. తడి ముక్కల్ని కరిగించింది ఇదిగో, ఈయన. మా ఆయన."