కడుపుకి చెప్పిన కబుర్లు

దేగు నగరంలో సాంగ్మో అంతటి భర్త ఇంకొకడు లేడని ఆ అపార్టుమెంటులో ఆడవాళ్లంతా తీర్మానించేశారు. భార్య హేయున్‌కి ఏడో నెల. సాయంత్రం భోజనాలు కాగానే ఆయన సోఫాలో ఆమె పక్కన చేరి, ఎదురుగా ఫోను నిలబెట్టి, కడుపు మీదికి వంగి బిడ్డకి కథలు చదువుతాడు. తండ్రి బొంగురు గొంతు గర్భంలోకి బాగా దిగుతుందని అక్కడివాళ్ల నమ్మకం. పుట్టేదాకా పిలుచుకోవడానికి కోంగి, అంటే గింజ, అని ముద్దుపేరు పెట్టిందీ ఆయనే. ఆ వీడియోలు చూసి చుట్టాలంతా మురిసిపోయారు.

"నేను నొప్పులు పడుతుంటే మీ మామగారు చేపల వేటకి వెళ్లారే. నువ్వు పెట్టి పుట్టావు," అని అత్తగారు ఫోనులో దెప్పింది కూడా.

పెట్టి పుట్టిన మాట నిజమే. అంట్లు మాత్రం హేయునే తోమాలి, అదీ చప్పుడు కాకుండా. గిన్నెల మోత కోంగి చెవిన పడకూడదట. గర్భిణి మంచే చూడాలి, మంచే వినాలి, మంచే తలచాలి, అప్పుడే బిడ్డకి కడుపులో ఉండగానే బుద్ధులు అబ్బుతాయని పెద్దల మాట. ఆ మాటని సాంగ్మో ఎడాపెడా వాడుకున్నాడు. నడుం నొప్పంటే మంచి ఆలోచనలు చేయమన్నాడు. విసుక్కుంటే బిడ్డ కోపిష్టివాడు అవుతాడన్నాడు. మగవాడికి ఇంతకంటే సుఖమైన శాస్త్రం ఎక్కడ దొరుకుతుంది?

కిందటి వారం ఆసుపత్రికి పరీక్షకి ఆమె ఒక్కతే వెళ్లింది. ఆయనకి ఆ రోజు ఆదర్శ తండ్రుల సభలో ప్రసంగం ఉంది మరి. రక్తపోటు పెరుగుతోందని, తలనొప్పితో చూపు మసకబారితే వెంటనే రావాలని, లేకపోతే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చి ఆ సంగతి ఎత్తబోతే, కోంగి ముందు చెడ్డ మాటలు వద్దని ఆయన నోరు మూయించాడు.

ఈ సాయంత్రం కథలో కుందేలు ఏరు దాటుతుండగా హేయున్‌కి ఎదురుగా ఉన్న ఫోను మసగ్గా, రెండుగా కనిపించింది. తల పగిలిపోతోంది.

"తల నొప్పిగా ఉంది. కళ్లు సరిగ్గా కనపడట్లేదు," అంది.

"ష్, రికార్డవుతోంది. కోంగి వింటున్నాడు," అన్నాడాయన కడుపు నిమురుతూ.

ఆమెకి భయం వేసింది. ఆ వెనకే ఒళ్లు మండింది. మంచి ఆలోచనలన్నీ సోఫాలోనే వదిలేసి లేచింది. వాచిన పాదాలు తన చెప్పుల్లో పట్టకపోతే మొగుడి చెప్పులు తగిలించుకుని, గోడ పట్టుకుంటూ కిందికి దిగి టాక్సీ ఎక్కింది.

ఆసుపత్రిలో మందు ఎక్కిస్తుండగా సాంగ్మో రొప్పుతూ వచ్చాడు. వేళకి వచ్చింది కాబట్టి సరిపోయిందని, ఇంకా గండం గడవలేదని నర్సు చెప్పింది. తలనొప్పి ఎప్పటినుంచి, కాళ్ల వాపు ఎప్పుడు మొదలైంది అని ఆయన్ని అడిగింది. కోంగి ఈ మధ్యే కళ్లు తెరవడం మొదలుపెట్టి ఉంటాడని మాత్రం ఆయన చెప్పగలిగాడు. తర్వాత అలవాటు కొద్దీ కడుపు మీదికి వంగి, భయపడకు నాన్నా, నేను వచ్చేశాను అన్నాడు.

రోగి దగ్గర తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండాలి కాబట్టి నర్సు హేయున్ వైపు తిరిగింది.

"మీ మనిషి ఈయనేనామ్మా?"

"ఈయన బిడ్డ కోసం వచ్చారండీ," అంది హేయున్. "నా కోసం ఇంకా ఎవరూ రాలేదు."