నల్ల తొడుగు

డెంజిల్ చేతికర్రను ఇన్నేళ్లలో ఎవరూ తనిఖీ చెయ్యలేదు. తనిఖీ చేసేది అతనే కదా మరి.

క్వీన్స్‌లాండ్‌లో ఆ బొగ్గుగనికి అతను భద్రత చూసే డెప్యూటీ. గ్యాసు చూడడం, కర్రతో సొరంగం కప్పు తట్టి చూడడం, దిగేవాళ్ల సంచులు వెతకడం అతని పని. అల్యూమినియం గోరంత కనబడినా ఇంటికి పంపేసేవాడు. పోయిన వారం రోండాను అలాగే పంపాడు. శాండ్‌విచ్‌కి చుట్టిన మెరుపు కాగితం కోసం.

"ఏం పెద్దాయనా, ఇవాళ గుడ్డలో కట్టుకొచ్చా. వాసన కూడా చూస్తావా?" అంది రోండా ఆ ఉదయం.

"చూస్తే సగం తినేస్తా. నడు."

కింద మూడో సొరంగంలో, కప్పుకి బిగించిన ఇనప పలక ఒకటి వదులైంది. తుప్పు పట్టి ఎర్రగా ఉంది. డెంజిల్ తట్టాడు. డొల్లగా మోగింది. కర్ర చివర ఆనించి గట్టిగా రాపాడించి చూశాడు.

"ఒక్క దెబ్బ వెయ్యి," అన్నాడు రోండాతో.

రోండా సుత్తి ఎత్తి వేసింది.

తెల్లటి మెరుపు. కళ్లు బైర్లు కమ్మాయి. తడినేల మీద పడ్డ రవ్వలు కూడా ఆరకుండా మండాయి.

డెంజిల్ మీటరు చూశాడు. గ్యాసు నూటికి అర పాలు. అయిదు పాళ్లుండి ఉంటేనా, వీళ్లిద్దరూ, లోపలి పద్నాలుగు మందీ బూడిదే.

"ఇనుముకి ఇనుము తగిలితే ఎర్ర నిప్పు కదా," అంది రోండా. "ఇదేంటి ఇంత తెల్లగా?"

కొత్తవాళ్లకు ఏటా అతను చెప్పే పాఠమే అది. తుప్పూ అల్యూమినియమూ పక్కపక్కనే ఏళ్ల తరబడి చల్లగా పడుంటాయి. ఒక్క దెబ్బతో వేడి పుట్టిందా, తుప్పులోని ప్రాణవాయువును అల్యూమినియం లాగేసుకుంటుంది. రెప్పపాటు. ఇనుము నీరైపోయేంత వేడి.

"ఎవడు తెచ్చాడు?" అని అరిచాడు. "ఎవడి సంచిలోది?"

రోండా తన తలదీపం వెలుగు అతని కర్ర చివర నిలిపింది. నల్లరంగు ఊడి, తొడుగు తళతళలాడుతోంది.

ఇత్తడి తొడుగు అరిగిపోతే ఆదివారం తనే పాత గుడారం గొట్టం చివరి తొడుగు పీకి దీనికి తొడిగాడు. నల్లగా ఉంటే ఇనుమనుకున్నాడు. బరువు చూడలేదు.

అప్పట్నుంచి నాలుగు రోజులు ఆ కర్రతోనే తట్టాడు. డెంజిల్ తల ఎత్తాడు. పలక తరవాత పలక, తను తట్టిన చోటల్లా తుప్పు మీద వెండి చారలు. సొరంగం పొడుగునా, గ్యాసు ఊరే చివరిదాకా.

లోపల ఎవరో సుత్తితో కొడుతున్నారు. టంగ్. టంగ్.

సొరంగమంతా వినబడే గోడఫోను దాకా పరుగెత్తాడు.

"సుత్తులు కింద పెట్టండి! దేన్నీ ముట్టుకోకండి! అందరూ పైకి!"

టంగ్.

తరవాత చప్పుడు లేదు. ఒకరి వెనక ఒకరు బయటికొచ్చారు. పద్నాలుగు మందీ దాటాకే అతను కదిలాడు.

పైన సంచులు వెతికే బల్ల మీద కర్ర పెట్టి రోండా ముందు నిలబడ్డాడు.

"నన్ను ఇంటికి పంపు," అన్నాడు.