రెండో కాపీ

"పగిలిందా?" అని అత్తగారు కంగారుగా అడిగింది.

నేల మీద పడ్డవి రెండు. ఒకటి కోడలు, ఇంకోటి నల్లటి హార్డ్ డిస్కు. ఆవిడ వంగి డిస్కుని తీసింది. అరచేత్తో తుడిచింది కూడా. చేతికేదో తడి తగిలితే చూసుకుని, "ఛీ, రక్తం" అని గోడకి రాసేసింది. కోడలి కనుబొమ మీద చర్మం విచ్చుకుని, రక్తం కంట్లోకి కారుతోంది. అడగాల్సినవాళ్లెవరూ దాని సంగతి అడగలేదు.

ఫొటోలు తీసేది మొగుడు. పెళ్లిళ్లకి మెళ్లో కెమెరా వేసుకుని దొరలా వెళతాడు, భోంచేసి వస్తాడు, కెమెరా కార్డులు బల్ల మీద విసిరేసి పడుకుంటాడు. అక్కణ్ణుంచి పనంతా ఆమెది. కార్డులు డిస్కులోకి దించాలి, మంచివీ చెడ్డవీ ఏరాలి, పెళ్లికూతురి మొటిమలు చెరపాలి, మామగార్ల బట్టతలల మీద మెరుపు తగ్గించాలి, ఎవరి పెళ్లి ఏ ఫోల్డర్లో ఉందో గుర్తుపెట్టుకోవాలి. ఇదంతా వంటా, గిన్నెలూ, బట్టలూ అయ్యాకే సుమండీ. "కూర్చుని మీటలు నొక్కడం కూడా ఒక పనేనా" అంటాడు మొగుడు. "మావాడిది కళ. నీదేముంది, కడుగుడే కదా. గిన్నెలైతేనేం, ఫొటోలైతేనేం" అంటుంది అత్తగారు. పాత రోజుల్లో ఫొటోలు కడగడం అనేవారు, ఆ మాటే ఆవిడ నోట ఇంకా ఉంది. చిత్రంగా ఆ మాట ఆమెకి నచ్చింది. తనూ దాన్ని కడుగుడనే అనుకునేది.

పనిలో ఆమెకో నియమం ఉంది. రెండు కాపీలు ఒకే ఇంట్లో ఉండకూడదు. ఇల్లు కాలినా, దొంగలు పడినా ఇంకోచోట ఒకటి మిగలాలి. అందుకని కార్డులోంచి దించినవి దించినట్టే, కడగకుండా, ఒక నీలం డిస్కులో వేసి అక్క ఇంట్లో ఉంచేది. కడిగినవి ఇంట్లో నల్ల డిస్కులో. కొత్త పెళ్లి వచ్చినప్పుడల్లా కార్డు సంచీలో వేసుకుని అక్క ఇంటికి వెళ్లొచ్చేది. "ఆ వెళ్లడం దేనికి, మా మీద చాడీలు మొయ్యడానికా?" అన్నాడొకసారి. "ఫొటోలు మొయ్యడానికండీ" అంది. అంతే. ఆ ఎదురుమాటకి ఆమె కుడిచేతి వేళ్లు బల్ల సొరుగులో పెట్టి, సొరుగుని మోకాలితో తన్ని మూశాడు. ఎముక చిట్లిన చప్పుడు ఇద్దరూ విన్నారు. ఆ వారమంతా ఎడంచేత్తో కడిగింది.

ఇవాళ జరిగింది కూడా అలాంటిదే. రేపు ఇవ్వాల్సిన పెళ్లి ఆల్బం నల్ల డిస్కులోకి ఎక్కుతోంది. పెళ్లికూతురి తండ్రి ఫోన్లో ఉన్నాడు, ఈయనగారికి అప్పటికప్పుడు ఆ డిస్కు కావాలి. "ఒక్క నిమిషం, ఇంకా ఎక్కుతోంది, వైరు లాగకండి" అంది. "నాకు చెప్పేంతదానివయ్యావా?" అని వైరు పీకాడు. మళ్లీ గుచ్చితే డిస్కు టిక్కుటిక్కుమంది తప్ప తెరుచుకోలేదు. "ఏం చేశావే దీన్ని?" అంటూ జుట్టు పట్టుకుని బల్లకేసి కొట్టాడు. ఆమె తల పైకెత్తేలోపు అతను విసిరిన డిస్కు గిరగిరా వచ్చి కనుబొమకి తగిలింది. కొట్టింది పెళ్లాన్నే అనుకున్నాడు, పోయింది మాత్రం అన్నేళ్ల ఆల్బములు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు గుర్తొచ్చింది అతనికి రెండో కాపీ సంగతి.

"మీ అక్క ఇంట్లో ఇంకోటుంది కదూ? వెళ్లి పట్రా. రాత్రికి కడిగెయ్. దార్లో కుట్లు వేయించుకో. అడిగితే అల్మారా తలుపు తగిలిందని చెప్పు."

"పొయ్యి ఆపి వెళ్లు" అంది అత్తగారు.

కుట్లు వేస్తూ ఏమైందని నర్సమ్మ అడిగింది, ఆమె తలుపనే చెప్పింది. "ఆమధ్య వేళ్లకీ తలుపే అన్నావుగా. మీ ఇంట్లో తలుపులకి చేతులున్నాయా తల్లీ?" అంది నర్సమ్మ.

అక్క గుమ్మంలో చూసి నోరు నొక్కుకుంది. "చంపేస్తాడే నిన్ను. ఎప్పటికి తెలుస్తుందే నీకు?"

"ముందు డిస్కియ్యక్కా."

అక్క కంప్యూటర్‌కి నీలం డిస్కు తగిలించింది. పెళ్లి ఉంది, పదిలంగా. దాని కింద 'ఇల్లు' అని ఇంకో ఫోల్డరు. అత్తగారి పుట్టినరోజు, స్టూడియో తెరిచిన రోజు, సముద్రం దగ్గర సెలవులు. అత్తింటి గోడల నిండా ఉన్న ఫొటోలే. కాకపోతే ఇవి కడగనివి. స్టూడియో తెరిచిన రోజు ఆమె పెదవి వాచి పక్కకి తిరిగిపోయి ఉంది, దాంతోనే నవ్వుతోంది. సముద్రం దగ్గర మెడ మీద అయిదు వేళ్లూ నల్లగా తేలి ఉన్నాయి, ఆ వేళ్లవాడు ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

వీటన్నిటినీ కడిగింది తనే. బాగున్న చెంప మీది చర్మం తెచ్చి బాగోలేని చెంపకి అతికించింది. అతను పక్కన కుర్చీ వేసుకుని "ఇంకాస్త మెత్తగా చెయ్, నీడలా కనపడుతోంది" అనేవాడు. ఆమె చేసేది. కొట్టడం వాడి పని, జాడ లేకుండా కడగడం తన పని. ఛీ, ఎంత శ్రద్ధగా చేసింది.

వాడి వేళ్లు ఆ సొరుగులో పెట్టి మూయాలనిపించింది, మళ్లీ మళ్లీ, పిండి అయ్యేదాకా. బావ సామాన్ల పెట్టెలో సుత్తి కనిపిస్తే తీసింది. నీలం డిస్కు మీద ఒక్క దెబ్బ వేస్తే వాడి బతుకంతా పొడి. సుత్తి నెత్తి మీదికి లేచింది కూడా.

అక్క కదల్లేదు. "కొడితే కొట్టు. కానీ అందులో నువ్వు కూడా ఉన్నావు" అంది.

సుత్తి ఆగింది. ఇదీ పగిలితే వాడి చేతి గుర్తు ఎక్కడా మిగలదు. వాడి కోసం ఇంకోసారి కడిగినట్టే. సుత్తిని మెల్లిగా కింద పెట్టింది.

ఫోన్ మోగింది. "దొరికిందా? పాడవలేదు కదా?"

"పాడవలేదు."

"హమ్మయ్య. ఎంతసేపట్లో వస్తావ్?"

"పెళ్లివాళ్ల ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి బావతో పంపిస్తున్నా. కడగాలంటే నువ్వే కడుక్కో."

అవతల తిట్లు మొదలయ్యాయి. ఆమె ఫోన్ పెట్టేసి, కిటికీ పక్కకి కుర్చీ లాక్కుంది. పెళ్లికూతుళ్లని మొగుడు కూర్చోబెట్టే తీరులోనే, వెలుతురు మొహం మీద పడేలా కూర్చుని, నుదుటి మీది కట్టు అంచు పట్టుకుని విప్పింది.

"దగ్గరగా రా అక్కా, ఫొటో తియ్యి. స్టేషన్‌లో ఇచ్చేది. కుట్లన్నీ కనపడాలి."