ఈ నెల కేసు

హైవే ఎక్కే మలుపులో కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడితే హయాత్‌కి భయం వెయ్యలేదు. పైగా హుషారు పుట్టింది. ఆపనీ! ఎవడి సత్తా ఎంతో ఇవాళ తేలిపోతుంది అనుకుంటూ బండి పక్కకి తీశాడు.

అంత ధీమా ఎందుకంటే, వారం కిందట స్టాండులో అందరూ కలిసి పెద్ద ఒట్టే పెట్టుకున్నారు. అద్దంకి చుట్టుపక్కల పల్లెల నుంచి గుంటూరు యార్డుకి మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, తోలే ట్రాలీ ఆటోల వాళ్ళంతా ఇక మీదట ట్రాఫిక్ వాళ్ళకి నెల మామూలు ఇచ్చేది లేదన్నారు. ఎవడి స్టీరింగ్ మీద వాడు చెయ్యేసి ప్రమాణం చేశాడు. వాళ్ళకి అంతకంటే పెద్ద ఒట్టు లేదు. ఒక్క బండిని ఆపినా వెనక వచ్చేవన్నీ అక్కడే అడ్డంగా నిలిపెయ్యాలని మాట.

ఇంతకీ ఈ ఆలోచన ఎవరిదనుకున్నారు? యలమందది. హయాత్‌కి ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ ఒకే బండికి క్లీనర్లుగా చేరి, డ్రైవింగ్ నేర్చుకుని, తలో బండీ కొనుక్కున్నవాళ్ళు.

"ఒరేయ్ మావా, లోడు ఎక్కువ ఎత్తుతున్నామని వాళ్ళకి ఇస్తున్నాం. వాళ్ళకి ఇవ్వాలి కాబట్టి ఇంకాస్త ఎత్తుతున్నాం. గానుగెద్దుల్లాగా ఎన్నాళ్ళురా ఈ తిరుగుడు?" అన్నాడు యలమంద. ఆ మాట హయాత్ గుండెకి తగిలింది. మన పిచ్చిమారాజు ఇంకో అడుగు ముందుకేశాడు. మామూలే లేనప్పుడు అది రైతు నెత్తిన ఎందుకు వెయ్యాలని కిరాయి తగ్గించేశాడు.

అది విని పక్క పల్లెలో మిరప పండించే కోటేశ్వరి తన మొదటి లోడు హయాత్‌కి ఇచ్చింది. ఆ ఊళ్ళో మొదటి లోడంటే మాటలు కాదు. ఏ డ్రైవరు తీసుకెళ్ళిన కాయకి యార్డులో మంచి ధర పలికితే, వాడి చెయ్యి మంచిదని సీజనంతా ఊరి సరుకు వాడికే ఎక్కిస్తారు. సాయంత్రం లోపు యార్డు గేటు దాటితేనే రేపటి బేరానికి అందుతుంది. హయాత్‌కి ఈ ఏడాది బతుకంతా ఆ ఒక్క లోడు మీదే ఉంది.

"ఎందుకాపాడు తమ్ముడూ?" అంది పక్కన కూర్చున్న కోటేశ్వరి.

"కంగారు పడకక్కా. మనవాళ్ళు వెనకే వస్తున్నారు. చూద్దువుగాని తమాషా."

కానిస్టేబుల్ చుట్టూ తిరిగి చూసి, "లోడు ఎక్కువుంది. స్టేషన్‌కి పద" అన్నాడు.

"కాసేపు ఆగండి సార్," అని హయాత్ నవ్వుతూ కిందికి దిగాడు.

ముందు వీరబాబు బండి వచ్చింది. హయాత్ కంటే రెండు వరసలు ఎక్కువే కట్టాడు మహానుభావుడు. హయాత్ చెయ్యి ఊపాడు. వీరబాబు అవతలి వైపు చేలో ఏదో వింత కనపడ్డట్టు అటే చూస్తూ వెళ్ళిపోయాడు. కానిస్టేబుల్ తల కూడా ఎత్తలేదు. తర్వాత బుల్లయ్య. హారన్ కొట్టి మరీ పోయాడు! ముందుకెళ్ళి ఆపుతారేమోనని హయాత్ రోడ్డు మధ్యకి పరిగెత్తి చూశాడు. ఒక్క బండీ ఆగలేదు.

కానిస్టేబుల్‌కి జాలేసినట్టుంది. "ఎవరి కోసమయ్యా ఎదురుచూపులు? మీవాళ్ళు మొన్ననే వచ్చి మాట్లాడుకున్నారు. మామూలు తగ్గించమన్నారు, తగ్గించాం. మాకూ పైవాళ్ళకి నెలకో కేసు చూపించాలిగా? ఎవర్ని రాసుకోమంటారంటే నీ బండి నంబరిచ్చారు."

హయాత్ రోడ్డు మధ్య నుంచి వెనక్కొచ్చాడు. "ఎవరిచ్చారు సార్?"

ఆయన జవాబు చెప్పేలోపే యలమంద బండి వచ్చి ఆగింది. ఖాళీ బండి. మిరప సీజన్లో, ఎండ నడినెత్తిన ఉండగా, టిక్కీ ఒక్కటి లేకుండా గుంటూరు రోడ్డు మీదికి ఎవడొస్తాడండీ? ఇంకొకడి లోడు ఎక్కించుకోవడానికి వచ్చినవాడు తప్ప!

"అయ్యో అక్కా, ఆపేశారా? నా బండిలో వేసుకుందాం పదండి, టైముకి చేర్చేస్తా," అన్నాడు కోటేశ్వరితో.

"ఒరేయ్ యలమందా," అన్నాడు హయాత్. "నా నంబరు నువ్విచ్చావా?"

యలమందకే ఎదురు కోపం వచ్చింది. "మరి కిరాయి తగ్గించి మా పొట్ట కొట్టలేదా? ఎవర్నో ఒకర్ని ఇవ్వాలన్నారు. వీరబాబునిస్తే కత్తి పట్టుకుంటాడు. బుల్లయ్యనిస్తే ఊరంతా చాటుతాడు. నువ్వయితే గొడవ చెయ్యవు. మనసులో పెట్టుకోవు."

ఆ మాటకి హయాత్‌కి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ స్నేహంలో తన గురించి వీడు తెలుసుకుంది ఇదా! తన మంచితనాన్ని లెక్కగట్టి అమ్మేశాడు కదా అనుకున్నాడు. కాలర్ పట్టుకుని నాలుగు తగిలించాలనిపించింది. కానీ కోటేశ్వరి మాటిమాటికీ ఎండ కేసి చూస్తోంది. టిక్కీ ఒక్కడు మొయ్యగలిగేది కాదు. కానిస్టేబుల్‌కి కావలసింది హయాత్ బండే, లోడు కాదు. యలమంద ఒక కొన పట్టుకున్నాడు. హయాత్ రెండో కొన పట్టుకున్నాడు. లోడంతా మారేదాకా ఎదురెదురుగా నిలబడి మోశారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తాడు బిగించాక కోటేశ్వరి అడిగింది, "కిరాయి హయాతు చెప్పినంతేగా?"

"అట్లా ఎట్లా కుదురుద్దక్కా? పాత కిరాయే," అన్నాడు యలమంద.

"మామూళ్ళు లేవన్నారుగా?"

హయాతే చెప్పాడు. "ఉన్నయ్యక్కా. ఎప్పటిలాగే నీ టిక్కీల మీదే వేశారు. నన్ను పట్టించిన కూలి కూడా అందులోనే ఉంది."

కోటేశ్వరి అతని వంక చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది. యలమంద వంక అసహ్యంగా చూసింది కూడా.

"ఏం చెయ్యను తమ్ముడూ, గేటు మూసేస్తారు," అని యలమంద బండెక్కి తలుపేసుకుంది.